ఎలక్ట్రాన్ విన్యాసం తప్పులేకుండా రాయడం ఎలా

కాల్షియం పరమాణు సంఖ్య 20. దాని ఎలక్ట్రాన్లను కర్పరాల (కేంద్రకం చుట్టూ ఉండే పొరల) వారీగా పంచి రాయమంటే చాలామంది పిల్లలు 2, 8, 10 అని రాస్తారు. మూడో కర్పరంలో 18 పడతాయని పుస్తకంలోనే ఉంది కదా, 10 ఎందుకు ఉండకూడదు అని అడుగుతారు. అడగాల్సిన ప్రశ్నే. కానీ కొలతలు వేరే మాట చెబుతున్నాయి. కాల్షియం నుంచి మొదటి ఎలక్ట్రాన్‌ను లాగడానికి మోల్‌కు 590 కిలోజౌళ్లు, రెండోదానికి 1145 కిలోజౌళ్లు కావాలి. మూడోదానికి ఒక్కసారిగా 4912 కావాలి. అంటే రెండు ఎలక్ట్రాన్లు బయట వదులుగా ఉన్నాయి, మూడోది లోపల గట్టిగా ఉంది. సరైన జవాబు 2, 8, 8, 2.

ఇక్కడ మూడు వేర్వేరు ప్రశ్నలు కలిసిపోతున్నాయి. ఒక కర్పరంలో ఎన్ని ఎలక్ట్రాన్లు పడతాయి? అవి ఏ వరుసలో నిండుతాయి? పరమాణువు ఎలక్ట్రాన్లు కోల్పోయి అయానుగా (ఆవేశం గల కణంగా) మారేటప్పుడు ముందు ఏవి పోతాయి? ఒక్కోదానికి ఒక్కో నియమం ఉంది. ఒకదాని నియమాన్ని ఇంకోదానికి వాడినప్పుడే తప్పులు వస్తాయి. పదో తరగతి నుంచి ఇంటర్ దాకా ఈ పాఠంలో మార్కులు పోయేది ఎక్కువగా ఇక్కడే.

కర్పరాలకు కె, ఎల్, ఎమ్, ఎన్ అనే అక్షరాలు కూడా వాడుకలో ఉన్నాయి. ఎన్, ఎల్ అనేవి క్వాంటం సంఖ్యల గుర్తులు కూడా కావడంతో గందరగోళం అవుతుంది. అందుకే ఇక్కడ కర్పరాలను ఒకటి, రెండు, మూడు అని అంకెలతోనే పిలుద్దాం. ‘ఎన్’ అంటే ప్రధాన క్వాంటం సంఖ్య, ‘ఎల్’ అంటే ఉపకర్పరాన్ని చెప్పే క్వాంటం సంఖ్య.

ఎన్ని పడతాయి

కర్పరం సంఖ్యను వర్గం చేసి రెండుతో గుణిస్తే దాని గరిష్ఠ పరిమితి వస్తుంది: 2, 8, 18, 32. ఇది పరిమితి మాత్రమే. ఒక కర్పరం పూర్తిగా నిండాకే తర్వాతది మొదలవుతుందని ఈ సూత్రం ఎక్కడా చెప్పదు.

ఆ అంకెలు ఎలా వచ్చాయో తెలిస్తే బట్టీ అక్కర్లేదు. ప్రతి కర్పరంలో ఉపకర్పరాలు ఉంటాయి. ఎస్ ఉపకర్పరంలో ఒక ఆర్బిటాల్ (ఎలక్ట్రాన్లు ఉండే చోటు), పిలో మూడు, డిలో అయిదు, ఎఫ్‌లో ఏడు. ఒక్కో ఆర్బిటాల్‌లో రెండే ఎలక్ట్రాన్లు. కాబట్టి ఎస్‌లో 2, పిలో 6, డిలో 10, ఎఫ్‌లో 14. ఒకటో కర్పరంలో ఎస్ ఒక్కటే ఉంటుంది. రెండోదాంట్లో ఎస్, పి (2 + 6 = 8). మూడోదాంట్లో ఎస్, పి, డి (2 + 6 + 10 = 18). నాలుగోదాంట్లో ఎఫ్ కూడా చేరి 32 అవుతుంది. దీన్నిబట్టి 1పి, 2డి, 3ఎఫ్ అనేవి అసలు ఉండవు. మీ జవాబులో వాటిలో ఏదైనా కనిపిస్తే అక్కడే ఆపి మళ్ళీ మొదలుపెట్టండి.

ఆర్బిటాల్‌కు రెండే ఎందుకు? వొల్ఫ్‌గాంగ్ పౌలి 1925లో చెప్పిన వర్జన నియమం ప్రకారం ఒకే పరమాణువులోని ఏ రెండు ఎలక్ట్రాన్లకూ నాలుగు క్వాంటం సంఖ్యలూ (ఎన్, ఎల్, అయస్కాంత సంఖ్య, స్పిన్) ఒకటే కాకూడదు. ఆర్బిటాల్ పేరు చెప్పగానే మొదటి మూడూ ఖాయమైపోతాయి. మిగిలేది స్పిన్ ఒక్కటే, దానికి +½, −½ అనే రెండు విలువలే ఉన్నాయి. మూడో ఎలక్ట్రాన్‌కు చోటు లేదు.

ఏ వరుసలో నిండుతాయి

దీనికి వాడేది (ఎన్ + ఎల్) నియమం. ఎల్ విలువలు: ఎస్‌కు 0, పికి 1, డికి 2, ఎఫ్‌కు 3. కర్పరం సంఖ్యకు ఈ విలువ కలపండి. మొత్తం తక్కువ వచ్చిన ఉపకర్పరం ముందు నిండుతుంది. రెండింటికీ మొత్తం ఒకటే అయితే, ఎన్ తక్కువ ఉన్నది ముందు.

4ఎస్‌కు 4 + 0 = 4. 3డికి 3 + 2 = 5. కాబట్టి 4ఎస్ ముందు. 4పికి 4 + 1 = 5, అంటే 3డితో సమానం. అప్పుడు ఎన్ తక్కువ ఉన్న 3డి ముందు, 4పి తర్వాత. ఇలా లెక్కేస్తే మొత్తం వరుస ఇదీ:

1ఎస్, 2ఎస్, 2పి, 3ఎస్, 3పి, 4ఎస్, 3డి, 4పి, 5ఎస్, 4డి, 5పి, 6ఎస్, 4ఎఫ్, 5డి, 6పి, 7ఎస్, 5ఎఫ్, 6డి, 7పి.

ఈ వరుసను కాగితం మీద ఒకసారి రాసుకుని, ప్రతి పేరు కింద అక్కడిదాకా పట్టిన ఎలక్ట్రాన్ల మొత్తం వేసుకోండి: 2, 4, 10, 12, 18, 20, 30, 36, 38, 48, 54, 56, 70, 80, 86, 88, 102, 112, 118. ఇది చాలా పనికొచ్చే పట్టిక. 10 దగ్గర నియాన్, 18 దగ్గర ఆర్గాన్, 36 దగ్గర క్రిప్టాన్, 54 దగ్గర జినాన్, 86 దగ్గర రేడాన్ వస్తాయి. జడవాయువులు సరైనచోట పడకపోతే మీరు రాసిన వరుసలో ఎక్కడో తేడా ఉందని అర్థం. బాణాలతో ఏటవాలుగా గీసే మోయిలర్ చిత్రం కూడా ఇదే వరుసను ఇస్తుంది. కాకపోతే పరీక్షలో కంగారుగా గీస్తే ఒక గీత జారిపోవడం సులువు. కూడిక చేసుకోవడమే నమ్మకమైన పద్ధతి.

పొటాషియంలో పందొమ్మిదో ఎలక్ట్రాన్ ఖాళీగా ఉన్న 3డిని వదిలేసి 4ఎస్‌లోకి ఎందుకు వెళ్తుంది? ఎస్ ఆర్బిటాల్‌లోని ఎలక్ట్రాన్ కేంద్రకం దగ్గరిదాకా చొచ్చుకుపోతుంది. ఎక్కువ సమయం బయటే ఉన్నా, కొంత భాగం లోపలి ఎలక్ట్రాన్ల తెరను దాటుకుని కేంద్రకపు ధనావేశాన్ని నేరుగా అందుకుంటుంది. డి ఆర్బిటాల్ అలా లోపలికి పోలేదు. లోపలి 18 ఎలక్ట్రాన్లు దానికి కేంద్రకాన్ని బాగా కప్పేస్తాయి. అందుకే పొటాషియం, కాల్షియంలలో 4ఎస్ శక్తి 3డి కన్నా తక్కువ.

ఇనుముతో మొదటినుంచి చివరిదాకా

ఇనుము పరమాణు సంఖ్య 26. తటస్థ పరమాణువు కాబట్టి ఎలక్ట్రాన్లు 26. నింపుతూ, మిగిలినవి పక్కన రాసుకుంటూ పోండి: 1ఎస్‌కు 2 (మిగిలినవి 24), 2ఎస్‌కు 2 (22), 2పికి 6 (16), 3ఎస్‌కు 2 (14), 3పికి 6 (8), 4ఎస్‌కు 2 (6). ఇక 3డిలో 10 పడతాయి గానీ మన దగ్గర 6 మాత్రమే ఉన్నాయి. ఆ 6 అక్కడ వేస్తే మిగిలింది సున్నా.

ఇప్పుడు నింపిన వరుసను పక్కన పెట్టి, కర్పరాల వరుసలో సర్ది రాయండి:

1ఎస్² 2ఎస్² 2పి⁶ 3ఎస్² 3పి⁶ 3డి⁶ 4ఎస్²

పైనున్న అంకెలు కూడితే 26 రావాలి. కర్పరాల వారీగా 2, 8, 14, 2. క్లుప్తంగా రాయాలంటే ముందున్న జడవాయువును చదరపు కుండలీకరణాల్లో పెట్టి [ఆర్గాన్] 3డి⁶ 4ఎస్² అంటే చాలు. 4ఎస్‌ను చివర రాయడం అందం కోసం కాదు. అయాన్లు రాసేటప్పుడు ఈ అలవాటే మిమ్మల్ని కాపాడుతుంది.

తర్వాత గడుల చిత్రం. 3డికి అయిదు గడులు గీసి, ముందు ఒక్కో గడిలో ఒక్కో పైకి బాణం వేయండి. అయిదూ అయ్యాకే ఆరో ఎలక్ట్రాన్‌ను కింది బాణంగా మొదటి గడిలో జత చేయండి:

3డి: [↑↓] [↑ ] [↑ ] [↑ ] [↑ ]   4ఎస్: [↑↓]

జతకూడని ఎలక్ట్రాన్లు నాలుగు. ఇది హుండ్ నియమం: సమాన శక్తి గల ఆర్బిటాళ్ళు ఉన్నప్పుడు ఎలక్ట్రాన్లు ముందు విడివిడిగా, ఒకే దిశ స్పిన్‌తో చేరతాయి. ఒకే ఆర్బిటాల్‌లో రెండు ఎలక్ట్రాన్లు ఉంటే వాటి మధ్య వికర్షణ పెరుగుతుంది. ఒకే దిశ స్పిన్ ఉన్నవాటికి వినిమయ శక్తి (అవి తమలో తాము చోట్లు మార్చుకోగలగడం వల్ల తగ్గే శక్తి) వల్ల అదనపు స్థిరత్వం కూడా వస్తుంది. ఇక్కడ పిల్లలు చేసే పొరపాటు [↑↓] [↑↓] [↑↓] [ ] [ ] అని వరసగా జతలు కట్టేయడం. అలా వేస్తే ఇనుములో జతకూడని ఎలక్ట్రాన్ ఒక్కటీ ఉండదు. అది వాస్తవానికి విరుద్ధం.

జత కట్టడానికి మూల్యం ఉంటుందనడానికి నైట్రోజన్, ఆక్సిజన్ మంచి సాక్ష్యం. ఆవర్తన పట్టిక వరుసలో కుడివైపు పోయేకొద్దీ ఎలక్ట్రాన్‌ను లాగడం కష్టమవుతుంది, మామూలుగా. కానీ నైట్రోజన్‌కు 1402 కిలోజౌళ్లు అవసరమైతే, దాని పక్కనున్న ఆక్సిజన్‌కు 1314 సరిపోతాయి. నైట్రోజన్‌లో 2పి మూడు గడుల్లోనూ ఒక్కొక్కటే ఉంది. ఆక్సిజన్‌లో నాలుగోది జత కట్టక తప్పలేదు. ఆ జతలోని వికర్షణ వల్లే దాన్ని లాగడం తేలికైంది.

అయాన్లు: చివర చేరింది ముందు పోదు

అసలు చిక్కంతా ఇక్కడ ఉంది, కాబట్టి కాస్త నిదానంగా చదవండి. ఇనుము రెండు ఎలక్ట్రాన్లు కోల్పోయి 2+ అయానుగా మారుతుంది. నింపేటప్పుడు 3డి చివర వచ్చింది కదా, దాంట్లోంచే రెండు తీసేద్దాం అనుకుని [ఆర్గాన్] 3డి⁴ 4ఎస్² అని రాస్తే తప్పు. ఎలక్ట్రాన్లు పోయేది ఎన్ విలువ ఎక్కువగా ఉన్న బయటి కర్పరం నుంచి. అంటే ముందు 4ఎస్ ఖాళీ కావాలి. 2+ అయాను [ఆర్గాన్] 3డి⁶. ఇంకొకటి పోతే, అప్పుడు 3డి నుంచి పోయి, 3+ అయాను [ఆర్గాన్] 3డి⁵ అవుతుంది.

4ఎస్ ముందు నిండి ముందే ఎందుకు ఖాళీ అవుతుందని అడిగితే, (ఎన్ + ఎల్) నియమం తటస్థ పరమాణువుకు మాత్రమే అన్నది గుర్తు చేసుకోవాలి. అయానులో కేంద్రకపు ఆవేశం అంతే ఉంటుంది, ఎలక్ట్రాన్లు తగ్గుతాయి. 3డి ఆర్బిటాళ్ళు లోపలికి కుంచించుకుపోయి వాటి శక్తి 4ఎస్ కన్నా కిందికి దిగుతుంది. కాల్షియం పరమాణువునూ టైటానియం 2+ అయానునూ పక్కపక్కన పెట్టి చూడండి. రెండింటిలోనూ 20 ఎలక్ట్రాన్లే. కాల్షియం [ఆర్గాన్] 4ఎస్². టైటానియం 2+ [ఆర్గాన్] 3డి². ఎలక్ట్రాన్ల సంఖ్య ఒకటే అయినా అమరిక వేరు, ఎందుకంటే ఒకదాని కేంద్రకంలో 20 ప్రోటాన్లు, ఇంకోదాంట్లో 22. కాబట్టి అయానులో ఎన్ని ఎలక్ట్రాన్లున్నాయో లెక్కపెట్టి, ఆ సంఖ్యతో కొత్తగా నింపడం మొదలుపెట్టకండి. ఎప్పుడూ ముందు తటస్థ పరమాణువు విన్యాసం రాయండి, కర్పరాల వరుసలో సర్దండి, అప్పుడు కుడిచివర నుంచి తీయండి. పి ఎలక్ట్రాన్లు ఉంటే అదే కర్పరంలోని ఎస్ కన్నా పి ముందు పోతుంది.

మీరు రాసింది సరైనదో కాదో అయస్కాంత భ్రామకంతో పోల్చి చూడవచ్చు. జతకూడని ఎలక్ట్రాన్ల సంఖ్యను, దానికి 2 కలిపితే వచ్చే సంఖ్యతో గుణించి వర్గమూలం తీయండి. ఒకటి ఉంటే 1.73 బోర్ మాగ్నెటాన్లు (అయస్కాంత భ్రామకాన్ని కొలిచే ప్రమాణం), రెండుంటే 2.83, మూడుంటే 3.87, నాలుగుంటే 4.90, అయిదుంటే 5.92. ఇనుము 3+ అయానుకు 3డి⁵ అని సరిగ్గా రాస్తే అయిదు వస్తాయి. 4ఎస్‌ను వదలకుండా 3డి³ 4ఎస్² అని రాసినవాళ్లకు మూడే వస్తాయి. చాలా ఇనుము 3+ లవణాల్లో కొలిచిన విలువ 5.9 దగ్గరే ఉంటుంది.

రంగు కూడా కొంతవరకు సాక్ష్యం చెబుతుంది. ఎరువులు, పురుగుమందుల దుకాణంలో మైలతుత్తం, జింక్ సల్ఫేట్, అన్నభేది మూడూ దొరుకుతాయి. మూడూ సల్ఫేట్లే. మైలతుత్తంలో రాగి 2+ అయాను 3డి⁹, ఒక ఖాళీ ఉంది, స్ఫటికం నీలం. జింక్ సల్ఫేట్‌లో జింక్ 2+ అయాను 3డి¹⁰, ఖాళీ లేదు, అది తెల్లగా ఉంటుంది. అన్నభేదిలో ఇనుము 2+ అయాను 3డి⁶, లేతాకుపచ్చ. చుట్టూ ఉన్న నీటి అణువుల వల్ల అయిదు డి ఆర్బిటాళ్ళ శక్తులు విడిపోతాయి. కింది ఆర్బిటాల్ నుంచి పైదానికి ఎలక్ట్రాన్ ఎగరాలంటే పైన ఖాళీ ఉండాలి, అలా ఎగిరేటప్పుడు కాంతిలో కొంత భాగాన్ని పీల్చుకుంటుంది. కానీ రంగును చూసి విన్యాసం తేల్చేయకండి. మైలతుత్తాన్ని వేడిచేసి నీటినంతా పోగొడితే తెల్లగా అయిపోతుంది, 3డి⁹ మాత్రం మారదు. పొటాషియం పర్మాంగనేట్‌లో మాంగనీస్‌కు డి ఎలక్ట్రాన్లే లేకపోయినా ముదురు ఊదా రంగు ఉంటుంది. అక్కడ ఎలక్ట్రాన్ ఆక్సిజన్ నుంచి మాంగనీస్‌కు ఎగరడం వల్ల ఆ రంగు వస్తుంది.

క్రోమియం, రాగి, ఇంకొన్ని

క్రోమియం 24. నియమం ప్రకారం 3డి⁴ 4ఎస్² రావాలి. నిజంగా ఉన్నది [ఆర్గాన్] 3డి⁵ 4ఎస్¹. రాగి 29. నియమం 3డి⁹ 4ఎస్² అంటుంది. ఉన్నది [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్¹. సగం నిండిన, పూర్తిగా నిండిన డి ఉపకర్పరాలకు ఎక్కువ స్థిరత్వం అని పాఠ్యపుస్తకాలు కారణం చెబుతాయి. ఒకే దిశ స్పిన్ ఉన్న నాలుగు డి ఎలక్ట్రాన్ల మధ్య 6 వినిమయ జతలు సాధ్యమైతే, అయిదింటి మధ్య 10 సాధ్యం. క్రోమియానికి ఈ వివరణ సరిపోతుంది.

అయితే దీన్నే పట్టుకుని మిగతా మూలకాలకు సాగదీస్తే దెబ్బతింటారు. క్రోమియం కిందున్న మాలిబ్డినం 4డి⁵ 5ఎస్¹, సరే. దాని కిందున్న టంగ్‌స్టన్ మాత్రం మామూలుగా 5డి⁴ 6ఎస్². నయోబియం 4డి⁴ 5ఎస్¹, అక్కడ సగమూ లేదు, నిండుదనమూ లేదు. పల్లాడియం 4డి¹⁰, 5ఎస్‌లో ఒక్కటీ లేదు. ప్లాటినం 5డి⁹ 6ఎస్¹. వెండి, బంగారం రాగిలాగే డి¹⁰ ఎస్¹. రుథేనియం 4డి⁷ 5ఎస్¹, రోడియం 4డి⁸ 5ఎస్¹. వీటిని వర్ణపటాల పరిశీలనతో తేల్చారు, సూత్రంతో ఊహించలేదు. ఎస్, డి శక్తులు చాలా దగ్గరగా ఉన్నప్పుడు ఎలక్ట్రాన్ల మధ్య వికర్షణలో చిన్న తేడా వచ్చినా అమరిక మారిపోతుంది. ఇంటర్ స్థాయికి క్రోమియం, రాగి ఖచ్చితంగా గుర్తుండాలి. మిగతావాటిని జాబితాగా నేర్చుకోవడమే మంచిది, కారణం కల్పించి రాయకండి.

ఒక జాగ్రత్త: కార్బన్ కూడా సగం నిండాలని 2ఎస్¹ 2పి³ అని రాసేవాళ్లున్నారు. భూస్థాయిలో (అతి తక్కువ శక్తి ఉన్న స్థితిలో) కార్బన్ 2ఎస్² 2పి². 2ఎస్, 2పి మధ్య శక్తి తేడా ఎక్కువ, కాబట్టి ఈ మినహాయింపు అక్కడ వర్తించదు.

పెద్ద పరమాణువులు

సీసం 82 తీసుకుందాం. దగ్గరి జడవాయువు జినాన్, 54. మిగిలినవి 28. వరుస ప్రకారం 6ఎస్‌కు 2, 4ఎఫ్‌కు 14, 5డికి 10, 6పికి 2, మొత్తం 28. సర్ది రాస్తే [జినాన్] 4ఎఫ్¹⁴ 5డి¹⁰ 6ఎస్² 6పి². కర్పరాల్లో 2, 8, 18, 32, 18, 4. ఎక్కువమంది మర్చిపోయేది 4ఎఫ్¹⁴. దాన్ని వదిలేస్తే మొత్తం 68 అవుతుంది, అది ఎర్బియం పరమాణు సంఖ్య. కూడి చూసుకుంటే ఈ తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. సీసం 2+ అయానులో పోయేవి ఆ రెండు 6పి ఎలక్ట్రాన్లే, 6ఎస్² మిగులుతుంది.

వేలన్సీ ఎలక్ట్రాన్లు (బంధాల్లో పాల్గొనే బయటి ఎలక్ట్రాన్లు) లెక్కించేటప్పుడు పి బ్లాకు మూలకాల్లో (చివరి ఎలక్ట్రాన్ పి ఉపకర్పరంలో చేరేవాటిలో) నిండిన డిని కలపకండి. బ్రోమిన్ 35 విన్యాసం [ఆర్గాన్] 3డి¹⁰ 4ఎస్² 4పి⁵. వేలన్సీ ఎలక్ట్రాన్లు 7, 17 కాదు.

కాస్త అలవాటైతే ఆవర్తన పట్టికనే చూసి రాసేయవచ్చు. ఎస్, పి బ్లాకుల్లో ఎన్ అంటే పీరియడ్ సంఖ్యే. డి బ్లాకులో ఒకటి తగ్గించాలి, ఎఫ్ బ్లాకులో రెండు. నాలుగో పీరియడ్‌లో డి బ్లాకు రెండో మూలకం టైటానియం, కాబట్టి 3డి² 4ఎస్². లాంథనం, సీరియం, గాడోలినియంలలో మాత్రం 5డిలో ఒక ఎలక్ట్రాన్ ఉంటుంది. గాడోలినియం [జినాన్] 4ఎఫ్⁷ 5డి¹ 6ఎస్².

నాలుగు క్వాంటం సంఖ్యలు అడిగినప్పుడు

విన్యాసం సరిగ్గా ఉంటే ఇది నిమిషం పని. పొటాషియం బయటి ఎలక్ట్రాన్ 4ఎస్‌లో ఉంది: ఎన్ 4, ఎల్ 0, అయస్కాంత క్వాంటం సంఖ్య 0, స్పిన్ +½. క్లోరిన్ 17లో చివరగా చేరే ఎలక్ట్రాన్ 3పి⁵లోది: ఎన్ 3, ఎల్ 1, అయస్కాంత సంఖ్య −1, 0, +1లలో ఒకటి, స్పిన్ −½. గడులకు ఎడమ నుంచి ఏ సంఖ్య ఇవ్వాలి, పైకి బాణం +½ అవ్వాలా −½ అవ్వాలా అనేది మనం పెట్టుకున్న ఒప్పందమే. ప్రశ్నలో ఒప్పందం ఇస్తే దాన్నే పాటించండి.

ఇచ్చిన సంఖ్యల సమితి సాధ్యమా కాదా అని అడిగితే రెండు చూడండి. ఎల్ విలువ ఎన్ కన్నా కనీసం ఒకటి తక్కువ ఉండాలి. అయస్కాంత సంఖ్య −ఎల్ నుంచి +ఎల్ మధ్యే ఉండాలి. ఎన్ 2, ఎల్ 2 అంటే 2డి, అది లేదు. ఎన్ 3, ఎల్ 1, అయస్కాంత సంఖ్య −2 కూడా కుదరదు, పిలో మూడు ఆర్బిటాళ్ళే ఉన్నాయి కాబట్టి.